ఊదా రంగు నిలిచిందా, లేదా? గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా నిర్మాణం, అవి తెచ్చే వ్యాధులు

తీవ్రజ్వరంతో, మెడ బిగుసుకుపోయి, స్పృహ తప్పుతున్న రోగిని ఆసుపత్రిలో చేర్చినప్పుడు వైద్యులు వెన్నులోంచి కొద్దిగా ద్రవం తీసి ప్రయోగశాలకు పంపుతారు. ఆ ద్రవంలోని సూక్ష్మజీవి ఏదో, ఏ మందుకు లొంగుతుందో కచ్చితంగా తేలాలంటే దానిని పెంచి చూడాలి. అందుకు రెండు రోజులైనా పడుతుంది. అన్నాళ్ళు ఆగే వ్యవధి రోగికి ఉండదు. అయితే గంటలోపే అందే కబురు ఒకటి ఉంది. గాజుపలక మీద పూసి రంగు వేసిన ఆ చుక్కలో సూక్ష్మజీవులు ఊదాగా కనిపిస్తున్నాయా, గులాబీగా కనిపిస్తున్నాయా అన్నదే ఆ కబురు. ఊదాగా ఉంటే గ్రామ్ పాజిటివ్, గులాబీగా ఉంటే గ్రామ్ నెగెటివ్. పరీక్షా నివేదికలలో తరచూ కనిపించే ఈ రెండు మాటలను చాలామంది ‘రోగం ఉంది, లేదు’ అనే అర్థంలో చదువుకుంటారు. అది పొరపాటు. రెండింటిలోనూ రోగకారకాలున్నాయి, రెండింటిలోనూ నిరపాయకరమైనవీ ఉన్నాయి. తేడా అంతా వాటి ఒంటి చుట్టూ ఉన్న గోడలో ఉంది.

ఇక్కడ గ్రామ్ అంటే తూకపు కొలత కాదు, మనిషి పేరు. హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ డెన్మార్క్ దేశపు వైద్యుడు. 1884లో బెర్లిన్‌లోని ఒక ఆసుపత్రిలో కార్ల్ ఫ్రీడ్‌లాండర్ అనే రోగవిజ్ఞాన నిపుణుని వద్ద పనిచేస్తూ, న్యుమోనియాతో మరణించినవారి ఊపిరితిత్తుల నుంచి తీసిన పలుచని ముక్కలను సూక్ష్మదర్శిని కింద పరిశీలిస్తున్నాడు. కణజాలంలో కలిసిపోయి కనిపించని బ్యాక్టీరియాను విడిగా చూపించడమే ఆయన ఉద్దేశం. అందుకోసం ఊదా రంగు వేసి, అయోడిన్ ద్రావణం పోసి, ఆపైన ఆల్కహాలుతో కడిగాడు. కణజాలం రంగు పోయింది, బ్యాక్టీరియా రంగు నిలిచింది. కానీ కొన్ని జాతుల బ్యాక్టీరియా కూడా రంగు కోల్పోయాయి. తన పద్ధతిలో అదొక లోపమని ఆయన భావించాడు. ఇది ఇంకా అసంపూర్ణమేనని వినయంగా ఒప్పుకుంటూనే ప్రచురించాడు. లోపమనుకున్న ఆ గుణమే తరువాత బ్యాక్టీరియాను రెండు పెద్ద వర్గాలుగా విడదీసే గీటురాయి అయింది. రంగు కోల్పోయినవాటికి గులాబీ రంగు పట్టించే చివరి మెట్టును ఆ తరువాత ఇతరులు చేర్చారు.

నూట నలభై ఏళ్ళు గడిచినా ఈ పరీక్ష దాదాపు అలాగే సాగుతోంది. గాజుపలకను మంట మీద కొద్దిగా వేడిచేసి, క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు ఒక నిమిషం ఉంచుతారు. అయోడిన్ పోస్తారు. ఆల్కహాలుతో కొన్ని సెకన్లు కడుగుతారు. చివర శాఫ్రనిన్ అనే గులాబీ రంగు వేస్తారు. మచిలీపట్నం, శ్రీకాళహస్తి కలంకారీ పనివారికి అయోడిన్ పాత్ర వేరే వివరించనక్కర లేదు. బట్టకు రంగు పట్టి నిలవడానికి వారు కరక్కాయ, పటిక వాడతారు. ఇక్కడ అయోడిన్ చేసేది ఆ పనిని పోలినదే. అది ఊదా రంగుతో కలిసి పెద్ద రేణువులుగా మారి కణంలో చిక్కుకుంటుంది. మెళకువ అంతా ఆల్కహాలు దగ్గర ఉంది. కొద్దిసేపు ఎక్కువ కడిగితే ఊదాగా ఉండవలసినది గులాబీ అవుతుంది. తక్కువ కడిగితే గులాబీ కావలసినది ఊదాగా మిగులుతుంది. ఖరీదైన యంత్రాలు ఎన్ని వచ్చినా ఈ కొన్ని సెకన్ల నేర్పు ప్రయోగశాల సిబ్బంది చేతిలోనే ఉంది.

గోడలోనే ఉంది గుట్టు

బ్యాక్టీరియా ఏకకణజీవి. గోళాకారంలో ఉండే వాటి అడ్డుకొలత సుమారు ఒక మైక్రోమీటరు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక మందంలో అటువంటివి యాభైకి పైగా వరుసగా ఇముడుతాయి. మన కణాలలో ఉండే కేంద్రకం వాటిలో లేదు. వంశలక్షణాలను మోసే డీఎన్ఏ, సాధారణంగా ఒకే వలయాకారపు పోగుగా, మెలికలు తిరిగి కణం మధ్య ముద్దగా ఉంటుంది. దానికి తోడు ప్లాస్మిడ్లు అనే చిన్న డీఎన్ఏ వలయాలు కొన్నిటిలో ఉంటాయి. మందులను తట్టుకునే శక్తి చాలాసార్లు ఈ చిన్న వలయాల ద్వారానే ఒక బ్యాక్టీరియా నుంచి మరొకదానికి చేతులు మారుతుంది. ప్రోటీన్లను తయారుచేసే రైబోజోములు కణద్రవమంతటా వేల సంఖ్యలో ఉంటాయి. ఇవి మన కణాలలోని రైబోజోముల కంటే చిన్నవి, నిర్మాణంలో వేరైనవి. వీటన్నిటి చుట్టూ పలుచని కణత్వచం, దానిపైన కణకవచం. కొన్నిటికి ఈదడానికి తోకల వంటి కశాభాలు, అతుక్కోవడానికి నూగు వంటి పోగులు, అన్నిటికీ పైన జిగురు తొడుగు కూడా ఉంటాయి.

కణకవచాన్ని తయారుచేసే పదార్థం పేరు పెప్టిడోగ్లైకాన్. నులక మంచం అల్లికను తలచుకుంటే దీని తీరు సులువుగా అర్థమవుతుంది. చక్కెర అణువులతో తయారైన పొడవైన పోగులు ఒక దిశలో సాగుతాయి. అమినో ఆమ్లాల పొట్టి ముక్కలు వాటిని అడ్డంగా కలిపి కుట్టేస్తాయి. గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాలో ఈ అల్లిక పొర మీద పొరగా 20 నుంచి 80 నానోమీటర్ల మందం వరకు ఉంటుంది. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. పొరలన్నిటినీ గుచ్చుకుంటూ టైకోయిక్ ఆమ్లాల పోగులు కూడా సాగుతాయి. గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియాలో ఇదే అల్లిక కొద్ది నానోమీటర్ల మందమే ఉంటుంది. కానీ దానిపైన కొవ్వుతో కూడిన మరో పొర అదనంగా ఉంటుంది. ఆల్కహాలు పోసినప్పుడు మందపు గోడలోని నీరు ఇగిరి, సందులు మూసుకుని, లోపలి ఊదా రంగు బందీ అవుతుంది. రెండో రకంలో పైనున్న కొవ్వు పొర కరిగి, పలుచని గోడలోంచి రంగు బయటికి జారిపోతుంది.

ఆ గోడ అవసరం ఏమిటన్నది తరువాతి ప్రశ్న. బ్యాక్టీరియా కణం లోపల లవణాలు, చక్కెరలు, ప్రోటీన్లు కిక్కిరిసి ఉండటం వల్ల బయటి నీరు నిరంతరం లోపలికి తోసుకువస్తుంది. గ్రామ్ పాజిటివ్ కణాలలో ఈ ఒత్తిడి సుమారు 20 వాతావరణ పీడనాల వరకు ఉంటుంది. అంటే కారు టైరులోని గాలి ఒత్తిడికి అనేక రెట్లు. గోడ లేకపోతే కణం పగిలిపోతుంది. మన కణాలకు ఇటువంటి గోడ లేదు, దాని అవసరమూ లేదు. శత్రువుకు ఉండి మనకు లేని ఈ వస్తువే వైద్యానికి చక్కని గురి అయింది.

అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పేరు వినగానే పెన్సిలిన్ గుర్తుకు వస్తుంది. అంతకు ముందే, 1922లో, మన కన్నీటిలోనూ ముక్కు ద్రవంలోనూ బ్యాక్టీరియాను కరిగించే లైసోజైమ్ అనే పదార్థాన్ని ఆయన వెల్లడించాడు. అది గోడలోని చక్కెర పోగులను తెంపుతుంది. కళ్ళు రోజంతా దుమ్మూ ధూళీ ఎదుర్కొంటూ కూడా తరచూ చీము పట్టకపోవడానికి కన్నీరు ఒక కారణం. 1928లో ఆయన కంటబడిన పెన్సిలిన్ వేరే విధంగా పనిచేస్తుంది. అది పోగులను తెంపదు. పోగులను అడ్డంగా కుట్టే ఎంజైమును పట్టుకుని పని మాన్పిస్తుంది. పెరుగుతున్న బ్యాక్టీరియా కొత్త గోడ కట్టుకోబోయి కుట్టు పడక, లోపలి ఒత్తిడికి పగిలిపోతుంది. తొలినాటి పెన్సిలిన్ ముఖ్యంగా గ్రామ్ పాజిటివ్ వ్యాధులపై అద్భుతంగా పనిచేయడానికి కారణం, వాటి గోడకు పైన అడ్డుపొర లేకపోవడమే. వాంకోమైసిన్ అనే మరో మందు అణువు చాలా పెద్దది. గ్రామ్ నెగెటివ్ బ్యాక్టీరియా పైపొరను దాటలేదు. అందుకే ఊదా, గులాబీ అనే తొలి కబురు మందు ఎంపికను అంతగా మారుస్తుంది.

క్షయ కారక బ్యాక్టీరియా ఈ లెక్కకు లొంగదు. దాని గోడ మైనం వంటి కొవ్వు ఆమ్లాలతో నిండి ఉండటం వల్ల గ్రామ్ రంగు సరిగా పట్టదు. వంశక్రమంలో గ్రామ్ పాజిటివ్ కుటుంబానికి దగ్గరి చుట్టమే అయినా దానిని గుర్తించడానికి వేరే రంగు పరీక్ష కావాలి. కళ్ళె పరీక్షలో చేసేది అదే.

ఊదా రంగు నిలుపుకునేవన్నీ శత్రువులు కావు. రాత్రి పాలలో తోడు వేసినప్పుడు తెల్లవారేసరికి పెరుగు చేసి పెట్టే లాక్టోబాసిల్లస్ వర్గం గ్రామ్ పాజిటివే. ఇడ్లీ పిండి పులిసి పొంగడంలో ప్రధాన పాత్ర వహించే ల్యూకోనాస్టాక్ కూడా అంతే. సిక్కిం, డార్జిలింగ్ ప్రాంతాలలో సోయాను పులియబెట్టి చేసుకునే కినేమాలో పనిచేసేది బాసిల్లస్ సబ్టిలిస్. ఆంత్రాక్స్ కారకం కూడా అదే బాసిల్లస్ ప్రజాతికి చెందినది.

తొడుగు చాటున న్యుమోకాకస్

న్యుమోనియా, మెదడు పొరల వాపు, చెవిలో చీము వంటి వ్యాధులకు కారణమయ్యే స్ట్రెప్టోకాకస్ న్యుమోనియే జంటలు జంటలుగా కనిపిస్తుంది. దాని బలమంతా గోడపైన ఉన్న చక్కెర తొడుగులో ఉంది. మన రక్తంలోని భక్షక కణాలకు ఆ తొడుగు జారుడుగా, పట్టు చిక్కకుండా ఉంటుంది. 1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ ఇంగ్లండులో ఎలుకలపై చేసిన ప్రయోగంలో, వేడికి చచ్చిన తొడుగున్న బ్యాక్టీరియాను బతికున్న తొడుగులేని వాటితో కలిపి ఎక్కించగా, నిరపాయకరమైనవి ప్రాణాంతకమైనవిగా మారిపోయాయి. చచ్చినదాని నుంచి బతికినదానికి అందిన ఆ ‘విద్య’ ఏమిటని వెతికిన ఏవరీ, మెక్‌లియోడ్, మెకార్టీలు 1944లో అది డీఎన్ఏ అని తేల్చారు. జీవశాస్త్రంలో అంత పెద్ద మలుపు ఒక రోగకారక క్రిమి తొడుగును పట్టుకుని వచ్చింది.

ఈ తొడుగులలో వందకు పైగా రకాలున్నాయి. వాటిలో ప్రమాదకరమైన కొన్నిటి చక్కెరను ప్రోటీనుతో జతచేసి తయారుచేసినదే పీసీవీ టీకా. దక్షిణాసియాలో మొదట పాకిస్థాన్ 2012లోనూ, తరువాత బంగ్లాదేశ్, నేపాల్ 2015లోనూ దీనిని తమ టీకా కార్యక్రమంలో చేర్చాయి. మన దేశంలో 2017లో కొన్ని రాష్ట్రాలలో మొదలై 2021లో దేశమంతటికీ విస్తరించింది. శిశువుకు ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఉచితంగా ఇస్తారు. అందరి ఊపిరితిత్తుల జబ్బులకూ ఇది అడ్డుకట్ట కాదు, ఆ మాట నిజమే. అయినా పసిపిల్లలను బలిగొనే న్యుమోనియాలో పెద్ద వాటా ఉన్న క్రిమికి విరుగుడు కావడం వల్ల దీని విలువ తక్కువ చేయలేం.

గొంతులో మొదలై గుండెకు చేరేది

ఇదే కుటుంబంలోని స్ట్రెప్టోకాకస్ పయోజెనెస్ పూసల దండలా కనిపిస్తుంది. అయిదు నుంచి పదిహేనేళ్ళ పిల్లలలో గొంతునొప్పి తెస్తుంది. నాలుగైదు రోజులలో నొప్పి తగ్గిపోతుంది. ఇంట్లో అందరూ మరచిపోతారు. రెండు మూడు వారాల తరువాత కొందరు పిల్లలకు జ్వరం వచ్చి, ఈ రోజు మోకాలు, రేపు మడమ, ఎల్లుండి మోచేయి అన్నట్టు కీళ్ళు వాస్తాయి. ఇదే కీళ్ళవాత జ్వరం. ఈ బ్యాక్టీరియా గోడ మీద నూగులా మొలిచిన ఎమ్ ప్రోటీనుకు, మన గుండె కండరంలోని ప్రోటీన్లకు పోలిక ఉంది. క్రిమిని తుదముట్టించడానికి శరీరం తయారుచేసుకున్న ఆయుధం ఆ పోలిక వల్ల సొంత గుండె కవాటాలనే గాయపరుస్తుంది.

కీళ్ళు మామూలు స్థితికి వస్తాయి, కవాటాలు రావు. మళ్ళీ మళ్ళీ గొంతునొప్పి వచ్చినప్పుడల్లా గాయం మీద గాయమై, కవాటం గట్టిపడి, ద్వారం సన్నబడుతుంది. చిన్ననాటి ఈ జబ్బు సంగతి చాలామంది స్త్రీలకు తొలి గర్భంలో ఆయాసం వచ్చినప్పుడు గాని తెలియదు. గర్భంతో రక్త పరిమాణం పెరిగేసరికి, అంతవరకూ నెట్టుకొచ్చిన గుండె ఆ భారం మోయలేకపోతుంది. ఇరుకు ఇళ్ళు, ఒకే గదిలో అనేకమంది నిద్రించడం, సమయానికి వైద్యం అందకపోవడం దీనికి తోడ్పడతాయి. సంపన్న దేశాలు దాదాపు మరచిపోయిన ఈ వ్యాధి దక్షిణాసియాలో ఇంకా మిగిలే ఉంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ దీనిపై ప్రత్యేక తీర్మానం చేయవలసివచ్చింది.

విచిత్రమేమంటే దీనికి మందు కొత్తగా కనిపెట్టనక్కర లేదు. ఈ బ్యాక్టీరియా నేటికీ పెన్సిలిన్‌కు లొంగుతుంది. ఒకసారి కీళ్ళవాత జ్వరం వచ్చిన పిల్లలకు మూడు, నాలుగు వారాలకొకసారి బెంజాథిన్ పెన్సిలిన్ సూదిమందు ఏళ్ళ తరబడి ఇవ్వాలి. సూది నొప్పి ఎక్కువ, ఎలర్జీ భయం ఉంది, ఊరి నుంచి ఆసుపత్రి దూరం. బడికి వెళ్ళే పిల్లవాడు పైకి ఆరోగ్యంగానే కనిపిస్తాడు. అందుకే మధ్యలో మానేస్తారు. చవక మందు కావడంతో తయారీదారులకు లాభం తక్కువై, లోకంలో దీనికి అప్పుడప్పుడూ కొరత కూడా వస్తుంటుంది. గొంతునొప్పి వచ్చిన ప్రతిసారీ యాంటీబయోటిక్ మింగాలని దీని అర్థం కాదు. గొంతునొప్పులలో ఎక్కువ భాగం వైరస్ వల్ల వచ్చేవే. వాటికి జలుబు, తుమ్ములు తోడుంటాయి. జలుబు లేకుండా జ్వరం, గొంతులో చీము మచ్చలు, మెడకింద బిళ్ళలు కనిపిస్తే వైద్యునికి చూపించాలి.

ముక్కులో కాపురముండే స్టాఫిలోకాకస్

ద్రాక్షగుత్తి వలె గుంపుగా కనిపించే స్టాఫిలోకాకస్‌కు ఆ పేరు పెట్టినవాడు స్కాట్లండుకు చెందిన శస్త్రవైద్యుడు అలెగ్జాండర్ ఆగ్‌స్టన్. గ్రీకు భాషలో స్టాఫిలే అంటే ద్రాక్షగుత్తి. బంగారు ఛాయలో పెరుగుతుంది కాబట్టి ఆరియస్ అన్న విశేషణం చేరింది. దాదాపు ప్రతి పదిమందిలో ముగ్గురి ముక్కులో ఇది ఏ హానీ చేయకుండా ఉంటుంది. చర్మం తెగితే సెగగడ్డ, రక్తంలో చేరితే గుండె, ఎముక, ఊపిరితిత్తి దేనినైనా పట్టుకుంటుంది.

పెళ్ళి విందు తిన్న కొద్ది గంటలకే పదులకొద్దీ మందికి వాంతులు మొదలయ్యాయన్న వార్తల వెనుక తరచూ ఉండే అనుమానితులలో ఇదొకటి. వడ్డించేవారి వేలి మీది చిన్న పుండు నుంచి కోవాలోకో, పులిహోరలోకో చేరిన బ్యాక్టీరియా, వెచ్చని వేళ అరగంటకొకసారి రెట్టింపైనా సరే, ఎనిమిది గంటలలో ఒకటి 65 వేలు దాటుతుంది. పెరుగుతూ అది విడిచే విషం వేడికి చెడదు. అందువల్ల వడ్డనకు ముందు మళ్ళీ మరిగించామన్న సమాధానం ఇక్కడ చెల్లదు; బ్యాక్టీరియా చస్తుంది గాని విషం మిగులుతుంది. వండినది వెంటనే వడ్డించడమో, చల్లగా నిలవ చేయడమో తప్ప మార్గం లేదు.

అసలు ఆందోళన ఆసుపత్రులలో ఉంది. పెన్సిలిన్ వాడకం మొదలైన కొద్ది ఏళ్ళకే దానిని ముక్కలు చేసే ఎంజైమును ఈ బ్యాక్టీరియా సంపాదించుకుంది. ఆ ఎంజైముకు లొంగని మెథిసిలిన్‌ను 1959లో తెచ్చారు. 1961 నాటికే బ్రిటన్‌లో దానికీ లొంగని రకం బయటపడింది. అదే ఎమ్మార్ఎస్ఏ. దాని ఎత్తు తెలివైనది. మందును ధ్వంసం చేయడం మాని, గోడకు కుట్టు వేసే ఎంజైమునే మార్చుకుంది. మందు పట్టుకోవడానికి వీలులేని కొత్త ఎంజైము వచ్చి పాతదాని పని చేస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి నిఘా నివేదికల ప్రకారం ఇటీవలి సంవత్సరాలలో పెద్ద ఆసుపత్రుల నుంచి పరీక్షించిన స్టాఫిలోకాకస్ ఆరియస్ నమూనాలలో 40 శాతానికి పైగా ఈ కోవలోనివే. అప్పుడు మిగిలేవి వాంకోమైసిన్, లైనెజోలిడ్ వంటి కొద్ది మందులు. తుంటి ఎముక మార్పిడి, సిజేరియన్, గుండె శస్త్రచికిత్స వంటివన్నీ గాయం చీము పట్టదన్న భరోసా మీద నడిచేవే.

గోడ జోలికి పోకుండా రైబోజోములను పట్టుకునే మందులు మరో తెగ. వాటిలో టెట్రాసైక్లిన్ వర్గానికి ఆద్యమైన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో దానిని కనుగొన్నది బెంజమిన్ డుగ్గర్. అప్పుడు అక్కడి పరిశోధనలకు సారథ్యం వహించినది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంవత్సరం ఆయన కన్నుమూశారు. ఊదా, గులాబీ రెండు రకాలపైనా పనిచేసిన తొలి మందులలో అదొకటి. తెలుగువారు సుబ్బారావును తలచుకునేటప్పుడు ఈ అంశం తరచూ ఫోలిక్ ఆమ్లం వెనుక మరుగున పడిపోతుంది.

కొన్ని శక్తిమంతమైన యాంటీబయోటిక్‌లను మన దేశంలో 2014 నుంచి హెచ్1 జాబితాలో చేర్చారు. వైద్యుని చీటీ లేనిదే అమ్మకూడదు. అమ్మిన ప్రతిసారీ ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేయాలి. మందుల దుకాణానికి వెళ్ళి ‘జ్వరానికి ఏదైనా ఇవ్వండి’ అని అడిగేవారు, అడిగినవారికి మూడు మాత్రలు కత్తిరించి ఇచ్చేవారు ఉన్నంతకాలం ఆ రిజిస్టరు సగం కథే చెబుతుంది.

కంఠసర్పి: టీకా మరిచిన చోట

డిఫ్తీరియాకు మన భాషలో కంఠసర్పి అని పేరు. దుడ్డుకర్రల ఆకారంలో ఉండే కొరినేబ్యాక్టీరియం డిఫ్తీరియే దీనికి కారణం. గొంతులో బూడిద రంగు పొర ఏర్పడి, గీరితే రక్తం కారుతుంది. మెడ వాచి ఎద్దు మెడలా ఉబ్బుతుంది. శ్వాస ఆడదు. అయితే మరణాలన్నీ ఊపిరి ఆడక సంభవించేవి కావు. బ్యాక్టీరియా గొంతు దాటి లోపలికి వెళ్ళదు. అది విడిచే విషం రక్తం ద్వారా గుండెకూ నరాలకూ చేరుతుంది. ప్రోటీను తయారీని ఆపివేసే ఆ విషం ఎంత తీవ్రమైనదంటే, ఒక్క అణువు లోపలికి చేరినా కణం చనిపోవచ్చు. గొంతు బాగుపడుతున్నదని అందరూ ఊరట చెందిన రెండో వారంలో గుండె ఆగిపోయిన సందర్భాలు వైద్యులకు తెలుసు.

ఇందులో మరొక చిత్రం ఉంది. ఈ విషం తయారీ సూత్రం బ్యాక్టీరియా సొంతం కాదు. బ్యాక్టీరియాకు సోకే ఒక వైరస్ ఆ జన్యువును తెచ్చి దానిలో పెడుతుంది. వైరస్ సోకని కంఠసర్పి బ్యాక్టీరియా ఆ విషాన్ని తయారుచేయలేదు. 1951లో ఈ సంగతి బయటపడింది.

విషానికి విరుగుడు గుర్రాల రక్తం నుంచి తయారుచేసే ప్రతివిష ద్రవ్యం. ఈ చికిత్సకే ఎమిల్ ఫాన్ బేరింగ్ 1901లో వైద్యశాస్త్రంలో తొలి నోబెల్ బహుమతి పొందాడు. అది రక్తంలో తిరుగుతున్న విషాన్ని మాత్రమే పట్టుకోగలదు. కణంలోకి చొచ్చుకుపోయిన దానిని ఏమీ చేయలేదు. కాబట్టి పరీక్షా ఫలితం కోసం ఎదురుచూడకుండా అనుమానం రాగానే ఇస్తారు. హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి వైద్యులకు ఈ వ్యాధి పుస్తకాలలోనిది కాదు, వార్డులలో చూసినది.

పుట్టిన ఆరు, పది, పద్నాలుగు వారాలకు ఇచ్చే పెంటావాలెంట్ టీకాలో దీనికి రక్షణ ఉంది. ఆ మూడు మోతాదులతో పని అయిపోయిందని తల్లిదండ్రులు అనుకోవడం సహజం. కానీ ఆ రక్షణ కాలంతో సన్నగిల్లుతుంది. ఏడాదిన్నర ప్రాంతంలో ఒకటి, అయిదారేళ్ళకు ఒకటి డీపీటీ బూస్టరు, పదేళ్ళకు, పదహారేళ్ళకు టీడీ టీకా అందుకే పెట్టారు. ఇప్పుడు మన దేశంలో కంఠసర్పి అయిదేళ్ళు దాటిన పిల్లలలో ఎక్కువగా కనిపిస్తుండటానికి బూస్టర్లు తప్పిపోవడమే ముఖ్య కారణం. టీకాలు అందని జనం ఒకచోట గుమిగూడితే ఏమవుతుందో 2017 చివర బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ రోహింగ్యా శిబిరాలలో తెలిసింది. అక్కడ వేలాదిమంది ఈ లక్షణాలతో ఆసుపత్రులకు చేరారు.

మట్టిలో నిద్రించే బీజాలు

కొన్ని గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియా మాత్రమే చేయగల పని ఒకటుంది. ఆహారం కరవైనప్పుడు తమ డీఎన్ఏ చుట్టూ పొరలు పొరలుగా కవచం అల్లుకుని, నీటిని దాదాపు వెలివేసి, సిద్ధబీజంగా మారిపోతాయి. ఎండ, చలి, కరవు, మరుగునీరు కూడా దానిని సులువుగా చంపలేవు. శస్త్రచికిత్స పరికరాలను కేవలం నీటిలో మరిగించకుండా, ఆటోక్లేవులో ఒత్తిడి మీద 121 డిగ్రీల ఆవిరితో శుద్ధి చేయడం ఈ బీజాల భయం వల్లనే.

ధనుర్వాతం తెచ్చే క్లాస్ట్రీడియం టెటని అటువంటిది. దాని విషం కండరాలను సడలించే నాడీసంకేతాలను ఆపివేస్తుంది. దవడ బిగుసుకుని, చివరికి ఒళ్ళు విల్లులా వెనక్కు వంగిపోతుంది. ఆయుర్వేదంలో ధనుస్తంభం అన్నా, మనం ధనుర్వాతం అన్నా, ఆ పేర్లు పెట్టినవారు రోగిని కళ్ళారా చూసి పెట్టారు. తుప్పు పట్టిన మేకు గుచ్చుకుంటేనే వస్తుందన్నది అపోహ. తుప్పులో ఏమీ లేదు. మట్టి, పేడ అంటిన ముల్లు చాలు, గాలి సోకని లోతైన గాయం చాలు. బొడ్డుతాడును శుభ్రంలేని కొడవలితో కోసి, పేడో బూడిదో అద్దిన రోజులలో పురిటి బిడ్డలు ఏడెనిమిది రోజులకే పాలు పట్టక బిగుసుకుని చనిపోయేవారు. గర్భిణులకు టీకా, ఆసుపత్రి కాన్పులు పెరగడంతో 2015లో భారతదేశంలో బాలింతల, నవజాత శిశువుల ధనుర్వాతం నిర్మూలన స్థాయికి చేరినట్టు ధ్రువీకరించారు. మట్టిలోని బీజం మాత్రం అలాగే ఉంది. ఒకసారి ధనుర్వాతం వచ్చి తగ్గినవారికి కూడా రక్షణ రాదు, టీకా వేయించుకోవాల్సిందే.

ఇక ఆంత్రాక్స్. రైతులు దీనిని దొమ్మ రోగం అంటారు. వానలు మొదలైన వేళ మన్యం నుంచి ‘అంతుచిక్కని వ్యాధి’ అన్న శీర్షికతో వార్తలు వస్తుంటాయి. వాటిని దిద్దేటప్పుడు నేను మొదట అడిగే ప్రశ్న, ఆ ఊళ్ళో పశువులేమైనా హఠాత్తుగా చనిపోయాయా అని. చాలాసార్లు అంతు అక్కడే చిక్కుతుంది. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లాలోని గిరిజన గ్రామాలలోను, సరిహద్దుకు అవతల ఒడిశాలోని కోరాపుట్ ప్రాంతంలోను ఇది కొత్తది కాదు.

1876లో జర్మన్ వైద్యుడు రాబర్ట్ కోచ్ ఈ వ్యాధి జీవితచక్రాన్ని మొదటినుంచి చివరిదాకా చూపించాడు. ఒక నిర్దిష్ట సూక్ష్మజీవి ఒక నిర్దిష్ట వ్యాధికి కారణమని రుజువైన తొలి ఉదాహరణలలో ఇదొకటి. మట్టిలో దశాబ్దాల తరబడి నిద్రించిన బీజాలు వానకు పైకి తేలతాయి. గడ్డి మేసే మేక, గొర్రె, ఆవు ఒంట్లోకి వెళ్ళి మేల్కొంటాయి. పశువు ఒక్కోసారి ఏ లక్షణమూ లేకుండా కూలిపోతుంది. ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారుతుంది. అటువంటి కళేబరాన్ని కోయకూడదని పశువైద్యులు చెప్పడం వెనుక కచ్చితమైన శాస్త్రం ఉంది. మూసి ఉన్న కళేబరంలో గాలి లేక ఈ బ్యాక్టీరియా చాలావరకు కుళ్ళిపోయి నశిస్తుంది. కోసి గాలి తగిలించిన క్షణం నుంచి అది మళ్ళీ బీజాలుగా మారడం మొదలుపెడుతుంది. కోసిన చేతికీ, వండిన ఇంటికీ, ఆ నేలకూ అవి అంటుకుంటాయి.

కానీ మాంసం అరుదుగా దొరికే గూడెంలో, చచ్చిన మేకను పాతిపెట్టమనడం తేలిక, పాతిపెట్టడం తేలిక కాదు. నష్టపరిహారం అందుతుందన్న నమ్మకం ఉన్నచోట ఈ మాట వింటారు, లేనిచోట వినరు. కోసినవారి చేతి మీద మొదట దురద పుట్టే పొక్కు లేస్తుంది. అది పగిలి మధ్యలో బొగ్గులా నల్లని మచ్చ ఏర్పడుతుంది. నొప్పి ఉండదు. నొప్పి లేదు కాబట్టి ఆసుపత్రికి పోరు. చర్మానికి వచ్చే ఈ రూపం చికిత్స లేకపోతే అయిదుగురిలో ఒకరి వరకు ప్రాణం తీయగలదు. సకాలంలో మందు పడితే మరణం చాలా అరుదు. మందు కూడా కొత్తదేమీ కాదు. పెన్సిలిన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటివి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉండదగినవే. ఒకరి నుంచి మరొకరికి అంటుకోవడం అరుదు కనుక రోగిని వెలివేయవలసిన పని లేదు.

కళేబరాన్ని పూర్తిగా కాల్చివేయాలి, లేదా లోతైన గోతిలో పూడ్చి ఆ చోటికి కంచె వేయాలి. వ్యాధి కనిపించిన గ్రామాలలో పశువులకు ఏటా వానలకు ముందే టీకా వేయించాలి. ఒక్క ఏడాది వేసి మానేస్తే, పాతికేళ్ళ కిందట పశువు పడిన చోట పెరిగిన గడ్డి మళ్ళీ మేతకు వస్తుంది.